కట్టెకు గొడుగు చాలును, దుప్పటి వలదు

మన కోనసీమలో కట్టెకు కొదువ లేదు; ఎండు కట్టెకే కొదువ. గౌతమీ వసిష్ఠల నడుమ ఎటు చూచినను కొబ్బరి తోటలే. సముద్రతీరపు టిసుక నేలలందు సరుగుడు తోటలు గలవు. గట్లమీద తాడి, వేప, చింత, మామిడి చెట్లు గలవు. ఇన్ని యుండియు శ్రావణ భాద్రపదములు వచ్చునప్పటికి అమలాపురము మొదలు రాజోలు, కొత్తపేటల వరకు కట్టెలపొయ్యి గల ప్రతి యింటను పొగయే గాని మంట కానరాదు. ఈ కష్టమునకు వర్షమును నిందించుట పరిపాటియైనది. నా యభిప్రాయమున దోషము వర్షమునందు లేదు. మనము కట్టెను పేర్చు పద్ధతియందును, కప్పు పద్ధతియందును గలదు. వర్షము రాకముందే దీనిని చక్కబఱచుకొన వీలున్నది గనుక రైతు సోదరులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

గ్యాసు పొయ్యిలు వచ్చిన యీ దినములలో కట్టెల ప్రసంగ మేలయని కొందఱు అడుగవచ్చును. 1999వ సంవత్సరమున దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినవి. 2024 నవంబరులో అర్హులగు కుటుంబములకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు పథకము ఆరంభమైనది. ఇవి స్త్రీలకు గొప్ప మేలు చేసినవనుటలో సందేహము లేదు. ఐనను స్నానపు నీళ్ళ కాగులకు, పెండ్లి వంటలకు, సంతర్పణలకు, ఇటుక బట్టీలకు నేటికిని కట్టెయే ఆధారము. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా. ఆ రేకులు తీయు స్త్రీలు బోర్లించిన కుండక్రింద ఎండు కొబ్బరాకు మంట పెట్టుకొందురు. కుండ వేడి ఒక్క తీరుగా నుండినగాని రేకు సరిగా రాదు. తేమ తగిలిన ఆకు ఆ పనికి అక్కఱకు రాదు. వీనికి తోడు సరుగుడు పెంచి అమ్ముకొను రైతులు మన తీరగ్రామములలో ననేకులు గలరు. కావున కట్టె సంగతి గడచిపోయిన సంగతి కాదు.

పచ్చి కట్టెలో ఎంత నీరున్నదో ముందుగా తెలిసికొందము. అప్పుడే నఱకిన చెట్టులో, జాతిని బట్టి, నూరు కిలోలకు 40 మొదలు 50 కిలోల వరకు నీరే యుండును. చక్కగా గాలికి ఆరిన కట్టెలో ఈ నీరు నూటికి 15 మొదలు 20 వంతులకు దిగును. సగము నీరున్న పచ్చి కట్టె వేయి కిలోలు కొని, నూటికి 20 వంతులు నిలుచు వరకు ఆరనిచ్చినచో, చివరకు తూగునది 625 కిలోలు. తక్కిన 375 కిలోలు గాలిలో కలిసిన నీరు. ఆ నీటికిని మనము కట్టె ధరయే చెల్లించియున్నాము!

నష్ట మంతటితో తీరలేదు. ఆ నీరు కట్టెలో నుండగా పొయ్యిలో పెట్టినచో, కట్టె తన వేడిలో కొంత భాగమును ముందు ఆ నీటిని ఆవిరి చేయుటకే వ్యయపఱచును. ఒక లీటరు నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు పట్టు వేడితో ఏడెనిమిది లీటర్ల చన్నీళ్ళను మరుగబెట్టవచ్చును. లెక్క కట్టి చూచినచో, సగము నీరున్న కట్టె కిలోకిచ్చు వేడి, ఎండిన కట్టె కిలోకిచ్చు వేడిలో సగముకంటె కొంచెము మాత్రమే హెచ్చు. అదియును పొయ్యి బాగుగా మండినప్పటి మాట. తడి కట్టె బాగుగా మండదు. మండవలసిన పదార్థము మండక పొగయై చూరు పట్టును. అందుచేత నిజమైన నష్టము ఈ లెక్కకు మించి యుండును.

ధాన్యము విషయమున మనకీ జ్ఞానము లేకపోలేదు. కొనుగోలు కేంద్రమునకు ధాన్యము తీసికొనిపోయిన ప్రతి రైతుకును తేమ 17 శాతము మించరాదను నిబంధన తెలియును. యంత్రము పెట్టి కొలిచి, హెచ్చుగా నున్నచో ఆరబెట్టి తెమ్మందురు. ధాన్యపు తేమ కింత పట్టుదల చూపు మనము, కట్టె తేమను గూర్చి విచారింపకుండుట వింతగా నున్నది.

ఇక కట్టె ఎట్లారునో చూతము. ఎండ తగిలినచో కట్టె ఎండునని సామాన్యముగా ననుకొందుము. ఎండ సాయపడునను మాట నిజమే. కాని కట్టెలోని నీటిని మోసికొనిపోవునది గాలి. కట్టె నారల వెంట నీరు రెండు చివరలకు నడచి, నఱకిన ముఖములనుండి త్వరగా బయటికి పోవును. ప్రక్కలనుండి మెల్లగా పోవును. బెరడు గలచోట మఱియు మెల్లగా పోవును. అందుచేతనే నిడుపాటి దుంగ బెరడుతో నెన్ని నెలలున్నను లోపల పచ్చిగానే యుండును. అదే దుంగను రెండడుగుల ముక్కలుగా కోసి, నడుమకు చీల్చినచో కొలది కాలముననే యారును. చుట్టునున్న గాలి కదలక నిలిచినచో, అది కట్టెనుండి వచ్చిన తేమతో నిండి, మఱి పుచ్చుకొనజాలదు. మన సీమ సముద్రమునకు దాపున నున్నది. కాలువలు, చెఱువులు, కొబ్బరి నీడ సరేసరి. ఇచ్చటి గాలియందు సహజముగనే తేమ హెచ్చు. కనుక మెట్ట ప్రాంతములవారికంటె మనకు గాలి యాట మఱింత యవసరము.

ఈ సంగతిని దృష్టిలో నుంచుకొని మన యలవాట్లను పరీక్షించినచో మూడు తప్పులు కానవచ్చును.

మొదటిది, కట్టెను నేలమీదనే పడవేయుట. మన నల్లరేగడి యొండు నేల వర్షాకాలమంతయు నీరు పట్టియుండును. అడుగు వరుస కట్టె ఆ నీటిని పీల్చుకొనును. చెద కెక్కుటకు దారియు నిదియే. రెండవది, వరుస లేక కుప్పగా పోయుట. కుప్ప నడిమికి గాలి పోదు. పైకట్టె యెండి, లోకట్టె బూజు పట్టును. నూటికి 20 వంతులకు మించి తేమ నిలిచిన కట్టెకు బూజు, శిలీంధ్రములు పట్టి, కట్టె సారమును తినివేయును. అట్టి కట్టె తరువాత ఎండినను బెండువలె తేలికయై చప్పున కాలిపోవును.

మూడవది నేటి కాలపు తప్పు; దానినే నేను ముఖ్యముగా చెప్పదలచితిని. టార్పాలిన్ బరకములు చౌకయైన పిమ్మట, కట్టెల కుప్పను తలనుండి నేలవరకు బరకముతో మూసి, అంచులమీద రాళ్ళు పెట్టుట అలవాటైనది. చూచువారికి అది గొప్ప జాగ్రత్తగా తోచును. జరుగునది వేఱు. పగటి యెండకు బరకము క్రింద కట్టెనుండియు నేలనుండియు ఆవిరి లేచును. బయటికి పోవు దారి లేక, రాత్రి చల్లబడిన బరకపు లోపలి ముఖమున నీటిబొట్లుగా మారి, తిరిగి కట్టెమీదనే రాలును. వాన పడకున్నను కట్టె తడియుచుండును! పచ్చి కట్టెకు దుప్పటి కప్పుట యనగా దాని నీటిని దానియందే దాచుట. కట్టెకు కావలసినది తలపై గొడుగు. ఒంటినిండ దుప్పటి కాదు.

ప్రక్కలు తెఱచియుంచినచో జల్లు కొట్టి తడియదా యని అడుగవచ్చును. కొంత తడియును. కాని చెట్టు లోపల పుట్టిన నీరు వేఱు, పైన పడిన జల్లు వేఱు. ఆరిన కట్టెమీద పడిన జల్లు పైపైననే నిలిచి, రెండు దినములు గాలి వీచిన పోవును. పైకప్పు లేక దినముల తరబడి నానిన కట్టె సంగతియే ప్రమాదము. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రము గాలివైపున బరకమును దించి కట్టి, వాన వెలిసిన మఱునాడే యెత్తివేయుట మంచిది. ఆ యెత్తివేయుటను మఱచుటచేతనే చాల కట్టె చెడుచున్నది.

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. మన పెద్దలు కురిడీ కొబ్బరి తయారుచేయు విధమును చూడుడు. ముదిరిన కాయను అటకపై నెత్తి పేర్చి, పైన కప్పు, క్రింద గాలి యుండునట్లు ఎనిమిది పది నెలలు ఓపికతో నుంతురు. లోని నీరింకి, కొబ్బరి చిప్పను వదలి లోపల గలగలలాడు వరకు కదల్చరు. తడినేలపై పోసి బరకము కప్పినచో కురిడీ తయారగునా? గడ్డివామి వేయునప్పుడును మనము మెరక చూచి, అడుగు కట్టి, వాన జారునట్లు తల కూర్చుదుము, ప్రక్కలను మూయము. కొబ్బరికిని గడ్డికిని తెలిసిన న్యాయమును కట్టెకు వర్తింపజేయుటయే నేను కోరునది.

పద్ధతి యిది. పుష్య మాఘములలో, మంచు తగ్గుచుండగా, కట్టె కొట్టుట మేలు. కొట్టినవెంటనే పొయ్యికి తగిన నిడివికి కోసి, ముంజేతి లావుకు మించినదానిని చీల్చవలెను. ఈ చీల్పు పచ్చిగా నున్నప్పుడే సుకరము. సరుగుడు వంటి గట్టి కట్టె యెండినపిమ్మట గొడ్డలికి లొంగదు. మెరకయై, గాలి తగులు తావు నెన్నుకొని, ఇటుకలు, రాళ్ళు, లేక పాత సిమెంటు స్తంభపు ముక్కలు రెండు వరుసలు పరచి, వానిపై గట్టి వాసములు వేసి, నేలకు అడుగెత్తున పేర్పు మొదలిడవలెను. పేర్పు ఒక కట్టె వెడల్పుననే యుండవలెను. ఎత్తు నాలుగైదడుగులు చాలును. రెండు కొసలందు కట్టెలను అడ్డముగను నిలువుగను మార్చి పేర్చినచో పేర్పు కూలదు. నఱకిన ముఖములు గాలి వచ్చు దిక్కునకు తిరిగియుండవలెను. రెండు పేర్పులు వేసినచో నడుమ మూరెడు సందు విడువవలెను. గోడ ప్రక్కనైనచో జానెడు సందైనను విడువనిది గోడయు చెడును, కట్టెయు చెడును.

మాఘము మొదలు వైశాఖము వరకు కప్పు అవసరమే లేదు. అకాల వర్షము వచ్చినప్పుడు తల మూసిన చాలును. రోహిణీ కార్తె ముగియునాటికి పైకప్పు సిద్ధము కావలెను. తాటాకు గాని, అల్లిన కొబ్బరాకు దడి గాని, రేకు గాని, బరకము గాని తలపై మాత్రమే వేసి, ఒక వైపునకు వాలు పెట్టి, నాలుగు ప్రక్కల జానెడు చూరు దిగునట్లు కట్టవలెను. కట్టెకును కప్పునకును నడుమ నాలుగంగుళముల సందుండిన ఆవిరి పోవుటకు దారి యేర్పడును. గాలివానలకు ఎగిరిపోకుండ తాళ్ళతో వాసములకు బిగించుట మఱవరాదు.

కట్టె ఆరినదో లేదో తెలియుటకు యంత్ర మక్కఱలేదు. పేర్పులో నొక కట్టెకు గుర్తు పెట్టి, పదునైదు దినముల కొకసారి తూచి, తూకము వ్రాసియుంచుడు. తూకము తగ్గుట మానినప్పుడు కట్టె ఆరవలసినంత ఆరినది. చివరల బీటలు తీయుట, బెరడు ఊడుట, రెండు కట్టెలను తాకించిన ఖంగున మ్రోగుట మఱికొన్ని గుర్తులు. పచ్చి కట్టె మొద్దుగా చప్పుడు చేయును.

కొబ్బరి తోటగల రైతు మఱియొక విషయమును గమనింపవలెను. మట్టలు, గెలలు, డొక్కలు, చిప్పలు మనకు ఉచితముగా దొరకు వంటచెఱకు. వీనిలో చిప్ప చప్పున ఆరును. డొక్క నీటిని పీల్చుకొనుటలో అన్నిటికంటె ముందుండును గనుక దానికి పాకయో, చూరో తప్పదు. కూలిన కొబ్బరి మ్రాను మాత్రము వంటచెఱకుగా తక్కువ రకము. దాని నడిమి భాగము మెత్తనిది, నీరు విడువదు, త్వరగా కుళ్ళును. ఆ కుళ్ళిన మ్రానే కొమ్ము పురుగునకు పుట్టిల్లు. ఈ పురుగు కుళ్ళిన మ్రాకులలోను, పేడకుప్పలలోను గ్రుడ్లు పెట్టి పెరిగి, పిమ్మట ఎగిరిపోయి బ్రదికియున్న చెట్టు మొవ్వును తొలుచును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పసిఫిక్ మహాసముద్రమందలి పలావు దీవులలో ఈ పురుగు ప్రవేశించి, కూలిన మ్రాకులలో వృద్ధిపొంది, కొబ్బరి తోటలకు అపారమైన నష్టము కలిగించినది. మన సీమలో 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానుకు లెక్కకు మించిన కొబ్బరిచెట్లు కూలిన సంగతి పెద్దలు మఱచియుండరు. అట్టి గాలివాన వచ్చినప్పుడు మ్రాకులను తోటలోనే విడిచి, ఎండినప్పుడు కాల్చుకొందములెమ్మని యుపేక్షించుట తోటకు చేటు. కోసి, చీల్చి, నేలనుండి యెత్తి ఆరబెట్టవలెను. లేదా తోటనుండి తొలగింపవలెను. తడి కట్టెలకుప్ప పెరటిలో నుండుట కేవలము పొయ్యికి సంబంధించిన విషయము కాదని దీనిచే తెలియుచున్నది.

లంకగ్రామములవారి సంగతి వేఱు. వరద వచ్చినచో పేర్పంతయు తేలిపోవు భయము వారికి గలదు. 2022 జూలై వరదలలో మన లంకలు దినముల తరబడి నీటనుండి, పడవలే ఆధారమైనవి. అట్టి సమయమున ఇంటిలో ఎండు కట్టె కొంచెమైనను ఎత్తున నున్నచో ఆ యిల్లు అదృష్టవంతమైనది. వారు పేర్పును గట్టుమీదనో, మంచెమీదనో వేసి, త్రాటితో బిగించుకొని, పదిదినముల వంటకు చాలునంత అటకపై నుంచుకొనుట మంచిది. చోటు చాలని యూళ్ళవారు పేర్పును పొడుగుగా, సన్నముగా దడివలె వేసికొనవచ్చును. పెరటి దడియే కట్టెల పేర్పగును. తాటాకు ఇండ్లవారు మాత్రము ఇంటిచూరుకు ఆనించి పేర్పరాదు. నిప్పు భయము గలదు. పాములు చేరకుండ అడుగు సందును శుభ్రముగా నుంచుకొనవలెను.

ఇంతవరకును చెప్పినది ధనలాభము. దానికంటె పెద్దది ఆరోగ్యము. ఇంటిలోని వంటపొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షలమంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఆ పొగలో నెక్కువ భాగము తల్లులును, వారి ఒడిలోని బిడ్డలును పీల్చునది. ఎండు కట్టెతో పొగ పూర్తిగా పోదు. కాని తడి కట్టెకును దానికిని గల భేదము పొయ్యి ముందు కూర్చున్నవారి నడిగిన తెలియును. కట్టె కొనువాడు పురుషుడు, పేర్చువాడు పురుషుడు. పొగ పీల్చునది స్త్రీ. తప్పు చేసినవానికి శిక్ష తగులకపోవుటచేతనే యీ తప్పు ఇంతకాలము నిలిచినదని నాకు తోచుచున్నది.

ఇందులో సహకార సంఘములు చేయదగిన పని యున్నది. మాఘ ఫాల్గుణములలో సరుగుడు కట్టెను సభ్యులనుండి కొని, ఊరిబయట మెరకమీద పైకప్పు మాత్రముగల కొట్టాములలో పేర్చి, ఆరిన పిమ్మట వర్షాకాలమున సభ్యులకు అమ్మవచ్చును. ఆరబెట్టినచో తూకము తగ్గి అమ్మువానికి నష్టము గదా యని పెంపకందార్లు శంకింతురు. ఈ శంక న్యాయమైనదే. పచ్చి కట్టెకును ఎండు కట్టెకును ఒకే ధర యున్నంతవరకు ఎవ్వరును ఆరబెట్టరు. కాగితపు మిల్లులకు పోవు కట్టె సంగతి వేఱు. అది నఱకినవెంటనే పోవును. వంటకట్టెకు మాత్రము పచ్చిదాని కొక ధర, ఎండుదాని కొక ధర సంఘము నిర్ణయింపవలెను. పైన చెప్పిన లెక్కలో వేయి కిలోలు 625 కిలోలైనవి గనుక, ఎండు కట్టె కిలో ధర పచ్చిదానికి ఒకటిన్నర రెట్లకు కొంచెము పైనున్నగాని అమ్మువానికి గిట్టదు. ఆ ధర యిచ్చినను కొనువానికి నష్టము లేదు. ఏలయన కిలోకు వచ్చు వేడి అంతకంటె నెక్కువగా పెరుగుచున్నది. అమ్మువాడును కొనువాడును ఒకే సంఘమునందు సభ్యులైనచోట ఇట్టి ధర కుదుర్చుట కష్టము కాదు. నీటిని కట్టె పేర అమ్ముట, కొనుట అను రెండును మానుటకు సంఘముకంటె తగిన వేదిక లేదు.

ఇది పెద్ద పెట్టుబడి కోరు పని కాదు. నాలుగు ఇటుకలు, రెండు వాసములు, కొన్ని తాటాకులు, ఒక పూట శ్రమ. ఈ యేడు ప్రతి సభ్యుడును తన పెరటిలో నొక్క పేర్పునైనను ఈ విధముగా వేసి, గుర్తుకట్టె తూకములను వ్రాసి, ఆశ్వయుజ మాసపు సమావేశమునకు తీసికొనిరావలసినదని ప్రార్థించుచున్నాను. ఆ తూకములను చూచిన పిమ్మట కొట్టాముల విషయమును, రెండు ధరల విషయమును తీర్మానించుకొందము. ఈలోగా, ఇప్పటికే బరకము కప్పి కూర్చున్న కుప్పలు గలవారు నేడే పోయి ప్రక్కల అంచులను పైకెత్తి కట్టుదురుగాక.